ఇంట్ల క్రేఫిష్ పెంచుదామనుకునేటోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు (వరంగల్, కరీంనగర్ దిక్కు వాళ్ల కోసం)

క్రేఫిష్ (రొయ్య లెక్కనే ఉండి పెద్ద డెక్కలుండే మంచినీళ్ల జీవి) మొండి ప్రాణం అని నెట్‌ల అందరు రాస్తరు, అది నిజమే. కానీ ఆ రాసేటోళ్ల ఊర్లల్ల మే నెలల 43, 44 డిగ్రీల ఎండ కొట్టదు, పొద్దుగూకంగనే ప్రతి రూంల దోమల మందు ప్లగ్గుకు పెట్టరు, గాలిదుమారం లేవంగనే కరెంటు పోదు. మన దిక్కు ఈ జీవి రోగమొచ్చి చచ్చుడు తక్కువ, మన ఇంటి అలవాట్లతోని చచ్చుడే ఎక్కువ. అందుకే మామూలుగ అడిగే ప్రశ్నలకు మన దగ్గరి లెక్కన జవాబులు రాసి పెడుతున్న.

షాపుల లాబ్‌స్టర్ అని అమ్ముతున్నరు, అదే ఇదా?

అసలు లాబ్‌స్టర్ సముద్రంలది, దానికి ఉప్పు నీళ్లు కావాలె, మనతోని అయ్యే పని కాదు. షాపుల బ్లూ లాబ్‌స్టర్, రెడ్ లాబ్‌స్టర్ అని ఇచ్చేది మంచినీళ్ల క్రేఫిష్. డెక్కలతో కలిపి 10 కాళ్లు, రొయ్యకు, ఎండ్రికాయకు చుట్టమే. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మన దేశంల క్రేఫిష్ సహజంగ ఎక్కడా లేదు. మన చెరువులల్ల రొయ్యలున్నయి, పొలం గట్ల మీద ఎండ్రికాయలున్నయి, క్రేఫిష్ మాత్రం లేదు. అంటే షాపుల మీరు చూసే ప్రతి క్రేఫిష్ మూలం బయటి దేశమే, ఈ విషయం ఎందుకంత ముఖ్యమో కింద చెప్త.

అన్నా, ఏ రకం తీసుకుంటే మంచిది?

ఎక్కువ దొరికేది ఎర్రది, ప్రొకాంబారస్ క్లార్కీ, అమెరికా దక్షిణం వైపు బురద నీళ్లల్ల పుట్టిన జాతి, 4-5 ఇంచులు పెరుగుతది, కోపం ఎక్కువ. మెరిసే నీలం రంగుది ప్రొకాంబారస్ అలెనై, ఫ్లోరిడాది, చూడనీకి అందరికంటే బాగుంటది (ఎర్ర జాతిల కూడా నీలం రంగువి ఉంటయి, షాపాయనకు కూడా ఏది ఏదో తెల్వకపోవచ్చు). రెడ్‌క్లా అనేది ఉత్తర ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ దిక్కుది, పెద్దగైతది, మంచిగ పెరిగితే జానెడు దాటుతది, కానీ వేడిని మిగతావాటికంటే బాగ తట్టుకుంటది, జర నిమ్మళంగ ఉంటది. జాగ ఉంటే, పెద్ద ట్యాంక్ పెట్టే శక్తి ఉంటే మన ఎండలకు నా ఓటు రెడ్‌క్లాకే. ఇవి కాక చిన్న నారింజ రంగు డ్వార్ఫ్ ఒకటి ఉన్నది, మెక్సికోల పాట్జ్‌కువారో సరస్సుది, 4-5 సెంటీమీటర్లకు మించదు, చిన్న ట్యాంక్‌ల సరిపోతది, కాకపోతే అది చల్లటి నీళ్ల ప్రాణి, మన ఎండాకాలం దానికి నరకం.

మార్బుల్డ్ క్రేఫిష్ దొరుకుతుంది, చవకగ ఇస్తమంటున్నరు?

ఫ్రీగ ఇచ్చినా తీసుకోకండి. అది 1990లల్ల జర్మనీ అక్వేరియంలల్ల బయటపడిన జాతి, అన్నీ ఆడవే, మగది లేకుండనే గుడ్లు పెడతది, పుట్టిన పిల్లలన్నీ తల్లికి నకళ్లే. 2003ల సైంటిస్టులు ఈ సంగతి తేల్చిన్రు. మీరు ఒక్కటి తెస్తే కొన్ని నెలలకు ట్యాంక్ నిండుతది, ఎవ్వరికి ఇయ్యాల్నో అర్థం కాదు, అట్లాంటప్పుడే మనిషికి చెరువు యాదికొస్తది. మడగాస్కర్‌ల ఇది బయటికి పోయి దేశమంత పాకింది, అక్కడ కూడా మనలెక్కనే వరి పండిస్తరు.

ఎంత ట్యాంక్ కావాలె? బౌల్‌ల పెట్టొచ్చా?

బౌల్ వద్దు. ఒక్క క్రేఫిష్‌కు 2 ఫీట్ల ట్యాంక్, అంటే 2 ఫీట్ల పొడుగు, ఫీటు వెడల్పు, ఫీటు ఎత్తు, దగ్గర దగ్గర 55 లీటర్లు. ఎత్తు కంటే నేల వెడల్పు ముఖ్యం, ఇది ఈదేది తక్కువ, నడిచేది ఎక్కువ. కిందికి ఇసుక వేయండి, మానేరు ఇసుకో గోదావరి ఇసుకో ఏదైనా పర్వాలేదు, కడిగిన నీళ్లు తేటగ వచ్చే దాక కడగాలి. దాక్కోనీకి జాగ తప్పనిసరి. ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు, పీవీసీ పైపు ముక్క, కుమ్మరోళ్ల దగ్గర దొరికే గురిగి పక్కకు పండబెట్టండి, దానికి అదే ఇల్లు. రాత్రిపూట తిరిగే ప్రాణి, పొద్దంత దాంట్లనే పడుకుంటది, కనబడుతలేదని పైపు తీసేసేటోళ్లున్నరు, అట్ల చేస్తే అది భయంతోని మూలకు పోయి తినుడు బంద్ చేస్తది.

ట్యాంక్ నింపిన రోజే తెచ్చి వేయకండి. ఫిల్టర్ పెట్టి 4 నుంచి 6 వారాలు నడపాలి, అప్పుడే దాని మలం, మిగిలిన తిండి కుళ్లితే వచ్చే అమ్మోనియా అనే విషాన్ని విరగ్గొట్టే బాక్టీరియా తయారైతది. స్పాంజ్ ఫిల్టర్ చాలు, చవక, క్రేఫిష్ పిల్లలున్నా దాంట్ల ఇరుక్కోవు. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి.

మూత అవసరమా? నీళ్లల్ల ఉండేది బయటికెందుకు వస్తది?

వస్తది, తప్పకుండ వస్తది. ఎయిర్ పైపు పట్టుకొని ఎక్కుతది, ఫిల్టర్ వైరు మీద ఎక్కుతది. మొప్పలు తడిగ ఉన్నంతసేపు బయట కూడా కొన్ని గంటలు బతుకుతది, పొద్దుగాల లేచి చూస్తే బీరువా కింద దొరుకుతది. మూత పెట్టండి, పెట్టి మీద ఏదైనా బరువు పెట్టండి, వైర్లు పోయే సందులల్ల స్పాంజ్ కుక్కండి. బయట దొరికినప్పుడు కదులుతుంటే సీదా లోతు నీళ్లల్ల పడేయకుండ, ట్యాంక్ నీళ్లే వీపు మునిగే అంత పోసి వెడల్పు గిన్నెల పెట్టండి, తేరుకున్నంక ట్యాంక్‌ల వదలండి.

నల్లా నీళ్లా, బోరు నీళ్లా, ఫిల్టర్ నీళ్లా?

బోరు నీళ్లు. వినడానికి ఉల్టా అనిపిస్తది గానీ, మనం తిట్టుకునే ఆ గట్టి నీళ్లే దీనికి బంగారం, బకెట్లకు తెల్లగ పట్టే పొరల ఉన్నది కాల్షియమే, దాని పెంకు తయారయ్యేది దాంతోనే. పీహెచ్ 7 నుంచి 8 మధ్యల ఉంటే చాలు. బోరు నీళ్లు పట్టంగనే పోయకుండ ఒక రాత్రి బకెట్‌ల ఎయిర్ పంప్ పెట్టి ఉంచండి, భూమిలకెళ్లి వచ్చే నీళ్లల్ల ఆక్సిజన్ తక్కువుంటది. నల్లా నీళ్లు, భగీరథ నీళ్లు అయితే క్లోరిన్ ఉంటది, 24 గంటలు మూత లేకుండ ఉంచాలె, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలె. ఆర్‌ఓ నీళ్లు మాత్రం వద్దు, దాంట్ల ఖనిజాలు ఏం మిగలవు, అట్లాంటి నీళ్లల్ల పెంకు మెత్తబడి మార్చుకునేటప్పుడు చస్తది.

ఇంకోటి, రాగి బిందెల పెట్టిన నీళ్లు మనకు మంచియని తాగుతం కదా, అవి ట్యాంక్‌ల అస్సలు పోయొద్దు. రాగి ఈ జాతి మొత్తానికి విషం, రొయ్యకైనా క్రేఫిష్‌కైనా. చేపలకు తెల్ల మచ్చలొస్తే వేసే మందులల్ల చాలావాటిల కాపర్ ఉంటది, షాపాయన ఏం కాదంటడు, మీరు సీసా మీద చదువుకోండి.

ఎండాకాలం ఎట్ల గట్టెక్కాలె?

అసలు పరీక్ష ఇదే. ఎర్రదానికి, నీలం దానికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి, 30 దాటితే ఇబ్బంది మొదలు. ఎండకంటే ముందు చంపేది ఊపిరాడకపోవుడు, ఎందుకంటే నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతది, 20 డిగ్రీల నీళ్లల్ల లీటరుకు 9 మిల్లీగ్రాముల దాక కరిగితే 30 డిగ్రీలల్ల ఏడున్నరే, అదే టైంల వేడికి దాని ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలె. క్రేఫిష్ పైకెక్కి నీళ్ల అంచుకు పక్కకు ఒరిగి పడుకుంటే అది ఆట కాదు, గాలి కోసం ఆరాటం.

ఏం చేయాలంటే, ముందుగాల ట్యాంక్ జాగ మార్చండి. రేకుల కింద, మీది అంతస్తుల స్లాబ్ కింద, పడమటి గోడకు వద్దు. కింది అంతస్తుల, వీలైతే నేల మీద. మూత తీసి జాలీ కట్టి నీళ్ల మీదికి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే నీళ్లు ఆవిరై 2-3 డిగ్రీలు తగ్గుతయి, పొడి ఎండలల్ల ఇది బ్రహ్మాండంగ పని చేస్తది, రూంల నీళ్ల కూలర్ నడుస్తుంటే మాత్రం గాలి తేమగ ఉంటది కాబట్టి ఫ్యాన్ లాభం తగ్గుతది, అప్పుడు కూలర్ ఇచ్చే చల్లదనమే దిక్కు. ఆవిరైనంత నీళ్లు రోజూ కలుపుతుండాలె. ఐస్ ముక్కలు సీదా పడేయకండి, వాటర్ బాటిల్ గడ్డ కట్టించి మూత బిగించి తేలేయండి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, ఒకేసారి ఎక్కువ డిగ్రీలు పడగొట్టొద్దు.

కరెంటు పోతే ఎయిర్ పంప్ ఆగుతది, మే నెల గాలిదుమారానికి స్తంభం ఒరిగితే రాత్రంత రాకపోవచ్చు. ఇన్వర్టర్ ఉంటే పంప్‌ను దానికి కలపండి, బల్బు అంత కరెంటు కూడా తినదు. లేకపోతే బ్యాటరీతోని నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి. అది కూడా లేదంటే నీళ్ల పైదాక తగిలేటట్టు ఒక బండరాయి పెట్టండి, ఎక్కి కూసోని తన ప్రాణం తను కాపాడుకుంటది.

నిన్నటి దాక మంచిగున్నది, పొద్దుగాల చూస్తే వెల్లకిలా పడ్డది. ఏమై ఉంటది?

రాత్రి రూంల ఏం కొట్టిన్రు? ఇట్లాంటప్పుడు ముందు అడగాల్సింది ఇదే. దోమల లిక్విడ్ మెషిన్లు, కాయిల్స్, బొద్దింకల స్ప్రేలు, చీమలకు గీసే చాక్‌పీసులు, చాలావాటిల పైరెథ్రాయిడ్ మందులుంటయి. అవి పురుగులను చంపేటందుకు చేసినయి, క్రేఫిష్ ఒళ్లు పురుగుల ఒంటికి దగ్గర, మనకేం కానంత కొంచెం మందు దానికి సరిపోతది. ఎయిర్ పంప్ ఏం చేస్తది, రూంల గాలి గుంజి నీళ్లల్ల కొడతది, అంటే ఆ మందును పైపు పెట్టి తాపినట్టే. ట్యాంక్ ఉన్న రూంల ఇవేవి వాడకండి, దోమతెర కట్టుకోండి, కిటికీలకు జాలీ పెట్టించండి. మున్సిపాలిటీ ఫాగింగ్ బండి సప్పుడు వినబడితే కిటికీలు మూసి, ట్యాంక్ మీద తడి బట్ట కప్పి, పంప్ కాసేపు ఆపండి. స్ప్రే కొట్టిన చేతులు, డెటాల్ చేతులు, జండూబామ్ చేతులు నీళ్లల్ల పెట్టొద్దు.

అట్లనే పత్తి చేండ్ల పక్క, మిరప తోటల పక్క కాలువలకెళ్లి నాచు, మొక్కలు, ఎర్రలు పట్టుకొచ్చి వేయొద్దు. ఆ చేండ్లకు ఎన్ని సార్లు మందు కొడతరో మీకు తెల్వంది కాదు.

ఇదంత చదివి భయపడే ముందు ఒకసారి సరిగ్గ చూడండి, పడి ఉన్నది క్రేఫిషా, ఉత్త పెంకా?

పెంకు మార్చుడు అంటే ఏంది?

దాని ఎముకలు బయట ఉంటయి, ఒళ్లు పెరగాలంటే పాత పెంకు ఇప్పేయాల్సిందే. పిల్లలు కొన్ని వారాలకోసారి మారుస్తయి, పెద్దయినంక ఏడాదికి రెండు మూడు సార్లు. రెండు మూడు రోజుల ముందు నుంచే తినదు, రంగు మసకబారుతది, గురిగిలకెళ్లి బయటికి రాదు. ఈ టైంల పాత పెంకులోని కాల్షియం కొంత గుంజుకొని పొట్టల రెండు తెల్ల రాళ్ల లెక్క దాచుకుంటది, కొత్త పెంకు గట్టిపడేటందుకు మొదటి పెట్టుబడి అదే. తర్వాత పక్కకు ఒరుగుతది, వీపు పెంకుకు తోకకు మధ్యల ఉన్న పొర చీలుతది, ఆ సందులకెళ్లి ముందుగాల తల, మీసాలు, డెక్కలు వెనక్కి గుంజుకుంటది. ఎంత లావు డెక్క అయినా సన్నటి కీలు సందులకెళ్లే రావాలె, ఇక్కడే కొన్ని ఇరుక్కొని చస్తయి. అది బయటపడితే తోక ఒక్క జాడింపుతోని వచ్చేస్తది. మొత్తం కొన్ని నిమిషాల పని. వెనక మిగిలిన పెంకుల కండ్ల మీది పొర, మీసాల తొడుగులు, ఒక్కొక్క కాలు, అన్నీ ఉన్నయి ఉన్నట్టుంటయి, అందుకే కొత్తోళ్లు చచ్చిపోయిందని ఏడుస్తరు.

ఆ పెంకు తీసి పడేయకండి, తనే తింటది, పోయిన కాల్షియం మళ్లీ వస్తది. మూడు నాలుగు రోజులు ఒళ్లు మెత్తగ ఉంటది, ముట్టొద్దు, నీళ్లు మార్చొద్దు, వీడియో తీసేటందుకు లైట్ వేయొద్దు. కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఒకటి వేసి పెట్టండి, పిట్టలమ్మే షాపులల్ల, మూలికల షాపులల్ల దొరుకుతది. కడిగిన కోడిగుడ్డు పెంకు కూడా నడుస్తది.

ఒక డెక్క ఊడిపోయింది, మళ్లీ వస్తదా?

వస్తది. ఆపద వస్తే తనే తెంపుకొని పారిపోతది. తర్వాత పెంకు మార్చినప్పుడు చిన్న మొలక లెక్క వచ్చి, రెండు మూడు మార్పులకు దగ్గర దగ్గర మామూలుగ అయితది. మందులేం వేయొద్దు.

ఏం పెట్టాలె?

అన్నీ తింటది, దానికి లేనిది మొహమాటమే. రోజూ తిండి మునిగే పెల్లెట్లు, అరగంటల తినేసే అంత, పొద్దుగూకినంక. వారానికి రెండు మూడు సార్లు ఉడకబెట్టిన పాలకూర, బీరకాయ, గుమ్మడికాయ, బఠాణి, ఉప్పు లేకుండ. ఆకుకూర మంచిగ కడిగి కాసేపు నానబెట్టినంకనే, మందుల సంగతి పైన చెప్పిన కదా. అప్పుడప్పుడు రొయ్య ముక్కనో వానపామో. ఎండి రాలిన బాదం ఆకు వేస్తే మస్తు ఇష్టంగ తింటది, దాని కిందనే పడుకుంటది, వీధికొక బాదం చెట్టు ఉన్న ఊరు మనది, పైసలు పెట్టి కొనకండి. అన్నం, బిస్కెట్లు, చికెన్ వద్దు, నీళ్లు కుళ్లుతయి.

గోల్డ్‌ఫిష్‌తోని కలిపి పెట్టొచ్చా?

వద్దు. రాత్రి చేప కింద నిద్రపోతది, ఇది లేచి తోక కత్తిరిస్తది. బెట్టా, ఏంజెల్, ఏదైనా అంతే. డ్వార్ఫ్ రకం ఒక్కటే చిన్న చేపలతోని సర్దుకుంటది. ఇంకో క్రేఫిష్‌తోని కూడా వద్దు, ఒకటి పెంకు మార్చిన రోజు రెండోదానికి దావత్. ఒక ట్యాంక్‌కు ఒకటి, అంతే.

ఆడ మగ ఎట్ల తెలుస్తది? పిల్లలు చేయించొచ్చా?

డెక్కలకు వెనక, వీపు దగ్గర పట్టుకొని తిప్పి చూడండి (ముందట్నించి పట్టుకుంటే గట్టిగ కరుస్తది, రక్తం కూడా రావచ్చు). అమెరికా రకాలల్ల మగదానికి చివరి కాళ్ల మధ్యల తోక మొదట్ల గట్టి పుల్లల లెక్క రెండు జతలు ముందుకు పండుకొని ఉంటయి, ఆడదానికి ఉండవు. రెడ్‌క్లాల పెద్ద మగదాని డెక్క బయటి అంచుకు ఎర్ర మచ్చ ఉంటది.

పిల్లలంటారా, చేయించకండి. ఆడది తోక కింద గుడ్లు గుత్తులుగ మోస్తది, 3-4 వారాలకు పిల్లలు, పెద్ద జాతులల్ల వందల్ల. వాటినెక్కడ పెడతరు? ఒకదాన్నొకటి తింటయి, మిగిలినవాటికి ఒక్కొక్కదానికి ఒక ట్యాంక్ కావాలె.

ఇక పెంచలేం అనుకుంటే భద్రకాళి చెరువుల వదిలేస్తే పుణ్యం కదా?

పుణ్యం కాదు, పాపం. ఇక్కడ మాత్రం మెత్తగ మాట్లాడలేను.

ఎర్ర క్రేఫిష్ బొరియలు తవ్వే జాతి. నీళ్లు తగ్గితే మట్టిల లోతుకు దిగి బతుకుతది, అట్ల వరి మడుల గట్లు, కాలువ కట్టలు బొక్కలు పడి నీళ్లు కారినయని చాలా దేశాలల్ల తల పట్టుకున్నరు. మన పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల నాటి మట్టి కట్టలు, ఊరూరికీ ఉన్న చెరువుల కట్టలు కూడా మట్టివే, వాటి కింద పొలాలు. జపాన్‌ల 1927ల కప్పలకు మేతగ అమెరికా నుంచి కొన్ని తెచ్చిన్రు, అవి దేశమంత పాకినయి, ఆఖరికి 2023 జూన్‌ల వాటిని అమ్ముడు, బయట వదులుడు చట్టం పెట్టి ఆపాల్సొచ్చింది. కెన్యా నైవాషా సరస్సుల 1970ల వేస్తే నీటి మొక్కలను మేసి ఊడ్చింది. యూరప్‌ల అయితే అమెరికా క్రేఫిష్‌లు మోసుకొచ్చిన ఒక బూజు రోగంతోని అక్కడి జాతులు ఊర్లకూర్లు తుడిచిపెట్టుకపోయినయి. అంత దూరమెందుకు, అక్వేరియం గోడలు నాకుతదని కొనే ఆ నల్ల మచ్చల సక్కర్ చేప ఇయ్యాల చెరువులల్ల దయ్యం చేపై మత్స్యకారుల వలలు చింపుతున్నది, అది ఎవరో ఒకరు దయ తలచి వదిలిందే కదా.

కావాలని వదలకపోయినా పోవచ్చు. వాకిట్ల సిమెంట్ తొట్టిల పెంచేటోళ్లున్నరు, 2020 ఆగస్టుల, 2023 జూలైల వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎట్ల మునిగినయో చూసిన్రు కదా, ఆ తొట్టి మునిగితే క్రేఫిష్ నాలాల, నాలా నుంచి చెరువుల. ఇంటి లోపల, మూతున్న ట్యాంక్‌ల మాత్రమే పెంచండి. ట్యాంక్ నీళ్లు మోరీల పారబోయకుండ పూల కుండీలల్ల పోయండి. చచ్చిపోతే మట్టిల పాతిపెట్టండి. పెంచలేకపోతే షాపుకు వాపస్ ఇయ్యండి, లేదా పెంచేటోళ్లకు ఇయ్యండి, పైసలు రాకపోయినా సరే.

బిల్లు గిట్ల అడగాల్నా?

అడగండి. బయటి దేశం నుంచి బతికున్న జలచరాలు తేవాలంటే కేంద్రం అనుమతి, క్వారంటైన్ ఉండాలె. మన దేశంలనే ట్యాంకులల్ల పుట్టినదా అని అడిగి, రెండు మీసాలు, రెండు డెక్కలు ఉన్నయో లేవో చూసి, ముడితే డెక్కలు లేపుతుందో లేదో చూసి తీసుకోండి. చేయి పెడితే కూడా కదలనిది వద్దు.

వాస్తుకు మంచిదా? తినొచ్చా?

వాస్తు సంగతి నన్నడగొద్దు, చల్లటి మూల చూసి పెట్టండి. తినుడంటే, అమెరికా లూసియానాల, చైనాల గంపలకొద్ది తింటరు నిజమే, కానీ అక్వేరియంల ఏ మందు పడ్డదో తెల్వదు, మీరు పెంచినదాన్ని పులుసు పెట్టొద్దు. రొయ్యలు పడనోళ్లకు ఇది కూడా పడదు.

మేడారం జాతరకు పోతున్నం, నాలుగైదు రోజులు ఎట్ల?

ఏం కాదు. పెద్ద క్రేఫిష్ వారం రోజులు తినకున్నా బతుకుతది. పోయే ముందు రోజు నీళ్లు మార్చి, రెండు బాదం ఆకులు వేసి, మూత మీద బరువు చూసుకొని పోండి. మాఘంల చలి కాబట్టి వేడి భయం లేదు. పక్కింటోళ్లకు తాళం ఇస్తే తిండి డబ్బా మాత్రం ఇయ్యకండి, పాపం ఆకలైతుందని గుప్పెడు వేస్తరు, మీరు వచ్చేసరికి నీళ్లు తెల్లగ కుళ్లి ఉంటయి. రోజుకోసారి ఎయిర్ పంప్ నడుస్తుందా లేదా చూసి, ఆగితే ఫోన్ చేయమనండి. దోమల మెషిన్ ప్లగ్గు పీకేసి పోవుడు మర్చిపోకండి.